పనివేళల్లో సాఫ్ట్‌వేర్ ఎక్కించడం ఆపాలి

సంపాదకుల వారికి,

గజపతి జిల్లాలో లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగిగా ఈ లేఖ రాస్తున్నాను. గత నెల పర్లాకిమిడిలోని ఒక కార్యాలయంలో, కాశీనగరం వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన జనం కౌంటరు ముందు బారులు తీరి ఉండగా, 11 గంటలకు నిర్వాహకుడు సర్వరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ ఎక్కించారు. దానికి కావలసిన మరికొన్ని ప్యాకేజీలు కూడా మారుతూ, డేటాబేస్ సర్వీసు ఆగి మళ్లీ మొదలయ్యే సమయానికి కరెంటు పోయింది. సగంలో ఆగిన పనిని చక్కదిద్దేసరికి 3 దాటింది. ప్లాస్టిక్ కవరులో కాగితాలు పెట్టుకుని మెట్ల మీద కూర్చున్న ఒక ముసలమ్మ ‘‘రేపు రమ్మంటారా బాబూ?’’ అని నన్నడిగింది. ఆమె పని మరునాటికి గానీ కాలేదు.

నిర్వాహకుడి నేర్పును నేను శంకించడం లేదు. పగలు ఈ పని చేయవద్దని సర్క్యులర్ పంపినంత మాత్రాన సరిపోదని, ఆ కట్టడిని కంప్యూటరే అమలు చేయాలని నా అభిప్రాయం. లైనక్స్‌లో ‘పామ్ టైమ్’ అనే మాడ్యూల్ ఉంది. ఏ ఖాతాకు ఏ సర్వీసు ఏ రోజున, ఏ గంటల్లో అందాలో దాని ఫైలులో ఒక్క వరుసలో రాసి, నిర్వాహకుడి అధికారంతో ఆదేశాలు నడిపించే ‘సుడో’ అనే ప్రోగ్రాముకు తగిలిస్తే చాలు. అందులో ‘డబ్ల్యూకే’ అంటే సోమవారం నుంచి శుక్రవారం వరకే కనుక, శనివారం పనిచేసే చోట ఆ రోజును విడిగా చేర్చడం మరవకూడదు. అయితే పగలంతా సుడోను పూర్తిగా మూసేస్తే, ప్రింటర్ సర్వీసు మొరాయించినా మళ్లీ నడిపించే దారి ఉండదు. అందుకని నిర్వాహకుడికి రెండు ఖాతాలుండాలి: సర్వీసులు నడపడానికి, కంప్యూటరు రాసుకునే పని నమోదులు (లాగ్‌లు) చూడడానికి మాత్రమే అనుమతి ఉన్న పగటి ఖాతా ఒకటి, సాయంత్రం 5 తర్వాతే తెరుచుకునే ఇన్‌స్టలేషన్ ఖాతా మరొకటి. పగటి ఖాతాకు ఏదైనా మార్చగల పూర్తి ‘రూట్’ అధికారమిస్తే, కట్టడి రాసిన ఫైలునే మార్చేయవచ్చు. ఆగలేని భద్రతా సవరణ వస్తే పైఅధికారి రాతపూర్వక అనుమతితో, కౌంటరు దగ్గరి జనానికి ముందే చెప్పి చేయాలి.

లైనక్స్ రకాలైన ఉబుంటు, డెబియన్లలో దానంతటదే జరిగే అప్‌గ్రేడ్ మాటేమిటి? మామూలుగా దాని వేళ ఉదయం 6, 7 గంటల మధ్య. రాత్రి ఆపేసిన కంప్యూటరులో తప్పిపోయిన ఆ పని, 10 గంటలకు స్విచ్ వేసిన కాసేపటికి, అంటే సరిగ్గా జనం వచ్చే వేళకే మొదలవుతుంది. ఆ టైమరును సాయంత్రానికి మార్చి, అది పూర్తయ్యే దాకా కంప్యూటర్లను ఆపకుండా ఉంచాలని జిల్లా అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, పర్లాకిమిడి