మందిరం పాత వాల్వు మైక్‌సెట్టు బాగు చేయించాలి, వార్షికోత్సవానికి మూడు వారాలే ఉంది

భక్తులందరికీ నమస్కారం. కమిటీ తరఫున రాస్తున్నాను. ఈ మరమ్మతుకి అనుకున్న చందాలో మూడో వంతు కూడా జమ కాలేదు, అందుకే కాస్త టెన్షన్‌గా ఉంది, మాటలో తేడా ఉంటే మన్నించండి.

సామాన్ల గదిలో మూలన పడి ఉన్న వాల్వు యాంప్లిఫయర్, అదే గాజు బుడ్డీల్లాంటి వాల్వులతో మైకు శబ్దం పెంచే పెట్టె, గుర్తుందిగా? మన పెద్దలు ఇంటింటికీ తిరిగి పోగుచేసిన డబ్బుతో కొన్నది. తెల్లవారుజామున స్విచ్ వేస్తే వాల్వులు వేడెక్కడానికి అర నిమిషం పట్టేది, ఆ అర నిమిషం అందరం కళ్ళు మూసుకుని కూర్చునేవాళ్ళం, ఆ తర్వాత హార్మోనియం శ్రుతి మెల్లగా పైకి వచ్చేది. మనలో చాలామందికి భగవన్నామం మొదట చెవిన పడింది దాంట్లోంచే. కొత్త సెట్టు రాగానే దాన్ని పక్కన పెట్టేశాం, మీద ఒక గుడ్డ కూడా కప్పలేదు. ఆ తప్పు కమిటీదే.

పోయిన ఆదివారం మూత విప్పి మెత్తటి కుంచెతో దుమ్ము దులిపాం. వాల్వుల మీది అక్షరాల జోలికి పోలేదు, తడి గుడ్డ తగిలితే చెరిగిపోతాయి. 12ఏఎక్స్7 అనే ఒక చిన్న వాల్వు గాజు లోపల వెండిలా మెరవాల్సిన మచ్చ పాలలా తెల్లబడింది, అంటే గాలి దూరింది, ఇక అది పనికిరాదు.

దయచేసి ఎవరూ ప్లగ్గు పెట్టి చూడొద్దు. ఇన్నేళ్ళు వాడని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు (కరెంటు నిల్వ చేసే భాగాలు) ఎండిపోయి ఉంటాయి, ఒక్కసారిగా కరెంటిస్తే షార్టయి పవర్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. వాల్వుల మధ్య ఉండే కప్లింగ్ కెపాసిటర్ లీకైతే పెద్ద వాల్వు లోపలి గ్రిడ్ అనే జాలీకి చేరకూడని డీసీ కరెంటు చేరి, ప్లేటు అనే లోపలి రేకు ఎర్రగా కాలి, స్పీకరుకి శబ్దం అందించే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోవచ్చు, అలాంటిది మళ్ళీ చుట్టించాల్సిందే. ప్లగ్గు పీకేశాక కూడా లోపల 400 వోల్టులు నిలిచి ఉండొచ్చు, రెసిస్టర్ తగిలించి ఆ కరెంటు దింపకుండా చేయి పెడితే ప్రాణాల మీదికొస్తుంది.

కాబట్టి కెపాసిటర్లన్నీ కొత్తవి వేయాలి, జత కుదిరిన రెండు ఈఎల్34 పెద్ద వాల్వులు, ఒక 12ఏఎక్స్7, ఎర్త్ ఉన్న మూడు తీగల కార్డు కావాలి. సాకెట్లు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, వాల్యూమ్ గరగర పోవడానికి కాంటాక్ట్ క్లీనర్ మేమే తెచ్చుకున్నాం. అంతా అయ్యాక స్పీకరు తగిలించి, వేరియాక్‌తో (వోల్టేజీని తగ్గించి పెంచే పరికరం) వోల్టేజీ కొంచెం కొంచెంగా పెంచుతూ చూస్తాం.

వంటగది పైకప్పు, చెప్పుల స్టాండు పనులు కూడా ఉన్నాయి, లెక్కలు నోటీసు బోర్డు మీద పెట్టాం.

నేలకి రాళ్ళు పరిచినప్పుడు మేం నోరు తెరిచి అడక్కముందే ఇచ్చారు, ఒకావిడ పిల్లల గల్లాపెట్టె తెచ్చి గుమ్మరించారు. ఈసారి మెసేజ్ చూసి దండం పెట్టి ఊరుకున్నవాళ్ళే ఎక్కువ, కొంచెం బాధగా ఉంది. మీ చేయి పెద్దదని తెలిసే మళ్ళీ అడుగుతున్నాం.

ఎంతిచ్చినా రసీదు ఇస్తాం. సోల్డరింగ్ బాగా వచ్చినవాళ్ళు డబ్బు ఇవ్వకపోయినా పర్లేదు, ఆదివారం సాయంత్రం వచ్చి మాతో కూర్చోండి. శనివారం లోపు అందితేనే విడిభాగాలకు ఆర్డర్ పెట్టగలం, అది దాటితే వార్షికోత్సవం నాటికి రావు.