గుత్తి కోట కింద ఖాళీ సమాధి

ఏరా మామా,

ఎట్లున్నావు? అమ్మకు మోకాళ్ల నొప్పులు తగ్గినాయా? మొన్న ఫోన్లో నీ కూతురు అడిగింది గదా, గుత్తి కోట కింద ఉన్న దొరల సమాధులు ఎవరివని. అది ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు. తీరిగ్గా రాస్తున్నా, దానికి చదివి వినిపించు.

కోట ఎక్కే దారి మొదట్లో ఉందే, చిన్నప్పుడు అటు పోతే పెద్దోళ్లు తిట్టేవాళ్లు, ఆ సమాధుల చోటు. ఇప్పుడు కంపచెట్లు బాగా పెరిగినాయి. కొన్ని సమాధులకు గార ఊడిపోయి లోపలి ఇటుకలు కనపడుతున్నాయి. ఒక దాని పగుల్లోంచి రావి మొక్క లేచింది, పీకుదామంటే వేర్లు లోపలిదాకా పోయినాయి. అక్కడే సర్ థామస్ మన్రో సమాధి ఉంది. లోపల మనిషి మాత్రం లేడు.

మన్రో అంటే మన సీమకు కొత్త పేరు కాదు. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేస్తే కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. కంపెనీ మనిషే, పన్ను వసూలుకే వచ్చాడు, పాళెగాళ్లను అణచేశాడు కూడా. అది కాదనను. కానీ బంగళాలో కూర్చుని చేసిన ఉద్యోగం కాదు అతనిది. డేరాలు వేసుకుని ఊరూరా తిరిగి పొలాలు కొలిపించాడు, మధ్యలో జమీందారు లేకుండా రైతుతోనే నేరుగా లెక్క పెట్టుకునే రైత్వారీ పద్ధతిని ఇక్కడ నిలబెట్టాడు. పోతూ పోతూ శిస్తులో నాలుగో వంతు తగ్గించమని పైకి రాశాడు. అప్పుడు వినలేదు. 1820లో తనే మద్రాసు గవర్నరై వచ్చాక అది జరిగింది. అందుకే ఇక్కడ పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేవాళ్లు. నాకు ఆయన మీద గౌరవం ఉంది మామా, దాచుకోను.

1826లో ఆయన భార్య జబ్బుగా ఉన్న కొడుకును తీసుకుని ఇంగ్లండుకు పోయింది. ఈయన రాజీనామా ఇచ్చి, కొత్త గవర్నరు వచ్చేదాకా ఆగాల్సొచ్చింది. ఆ వ్యవధిలో, పాత జిల్లాలను కడసారి చూసిపోదామని 1827 వేసవిలో బయల్దేరాడు. దారిలో వెంట ఉన్న సిపాయిలకు కలరా సోకింది. జులై 6న పత్తికొండలో మకాం. పొద్దున ఈయనకూ పట్టుకుంది. పక్కన కూర్చున్నవాళ్లను ఇక్కడ ఉండొద్దు, బయటికి పొమ్మని పదేపదే చెప్పాడట. రాత్రికి ప్రాణం పోయింది. కలరా నీళ్ల ద్వారా వస్తుందని అప్పటికి ఎవరికీ తెలీదు. మరుసటి రోజే శవాన్ని గుత్తికి తెచ్చి కోట కింద పూడ్చారు. ఇంగ్లండులో మొగుడి కోసం ఎదురుచూస్తున్న ఆమెకు ఈ కబురు ఓడ మీద చేరేసరికి ఎన్ని నెలలు పట్టి ఉంటుందో! నాకు ఆ మాటే మనసులో మెదులుతా ఉంటుంది.

1831లో ఆ అవశేషాలను తవ్వి తీసి మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తీసుకుపోయారు. తర్వాత 1839లో మద్రాసులోనే, కోట బయట, గుర్రం మీద కంచు విగ్రహం కూడా పెట్టారు, నువ్వు చూసే ఉంటావు. గుత్తిలో ఆయన పేరున సత్రం, పత్తికొండలో మెట్లబావి, తోట వెలిశాయి. ఎండాకాలం ఆ దారిన పోయేవాడికి గుక్కెడు నీళ్లు, కాసింత నీడ. మద్రాసు విగ్రహం కంటే నాకు ఆ బావే ఎక్కువనిపిస్తుంది.

మీ అత్తగారిది వేంపల్లె కదా, గండి ఆంజనేయస్వామి గుడి దగ్గర చెప్పుకునే కథ ఆమెనడుగు. లంక నుంచి తిరిగొచ్చే రాముడి కోసం పాపఘ్ని లోయకు అడ్డంగా వాయుదేవుడు బంగారు తోరణం కట్టాడట. పుణ్యాత్ములకే, అదీ చావు దగ్గరపడితేనే అది కనపడుతుందట. మన్రో అటు పోతూ పైకి చూసి, ఆ తోరణం ఏమిటని అడిగాడట. కొన్నాళ్లకే పోయాడు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనతో మాట్లాడిన కథ నీకు తెలిసిందే. కథలు కథలే అనుకో, కానీ మన ఊళ్లోళ్లు ఒక తెల్లదొరను పుణ్యాత్ముల్లో కలుపుకున్నారంటే ఊరికే కలుపుకోరు కదా!

అందుకే ఆ సమాధిని అట్లా కంపకు వదిలేయడం నాకు నచ్చలేదు. శవం లేదు, ఇంకేముందిలే అంటారు ఇక్కడ కొందరు. ఉండింది నాలుగేళ్లే అయినా ముందు మన మట్టిలోనే కదా పడుకున్నది. కాలేజీ పిల్లలు నలుగురైదుగురు కంప కొట్టడానికి వస్తామన్నారు. చలికాలమైతే పాముల భయం కొంచెం తక్కువ, అప్పుడు మొదలుపెడదామని ఉంది.

సంక్రాంతికి వస్తావు కదా, డోన్ మీదుగా వద్దు, పత్తికొండ దారిన రా. టమోటా మార్కెట్ సందడిలో ఇరుక్కోకుండా పొద్దున్నే బయల్దేరు. నేను అక్కడికి వచ్చి కలుస్తా, ముందు బావి, తర్వాత గుత్తి. పాపకు బూట్లు వేయించు, ముళ్లు ఎక్కువ. నీకు సెలవు ఎప్పట్నుంచో ముందే చెప్పు.

నీ గుత్తి మామ