మా పాపకు నిద్ర పట్టించిన వాళ్లందరికీ కృతజ్ఞతలు

నిన్నటికి పాప మా ఇంటికొచ్చి పది నెలలు. దత్తత కాదు, ఫోస్టర్ కేర్. అంటే, కన్నవాళ్ల దగ్గర ఉండలేని పిల్లను కొంతకాలం మన ఇంట్లో పెంచడం. బాల న్యాయ చట్టం 44వ సెక్షన్ కింద, బాలల సంక్షేమ సమితి ఉత్తర్వుతో నా దగ్గర పెరుగుతోంది. పేరు, ఫోటో పెట్టమని అడగకండి. చట్టం ఒప్పుకోదు, ఒప్పుకున్నా నేను పెట్టను.

నాకు 43 ఏళ్లు, పెళ్లి చేసుకోలేదు. 2024లో వచ్చిన కొత్త మార్గదర్శకాలు 35 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్న నాలాంటి వాళ్లకూ దారి తెరిచాయి కాబట్టే దరఖాస్తు పెట్టుకోగలిగాను. ఇల్లు చూశారు, జీతం కాగితాలు చూశారు, పోలీసు విచారణా అయింది. బెదిరిపోయిన పిల్ల ఇంట్లో ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మొదటి నెలంతా పాప చెప్పులు వేసుకునే పడుకునేది. దుప్పటంతా మట్టి. నిద్రపోయాక మెల్లగా విప్పితే, అర్ధరాత్రి లేచి చీకట్లో తడుముకుని మళ్లీ తొడుక్కునేది. రెండుసార్లు గట్టిగా కోప్పడ్డాను కూడా. ఇది రాస్తుంటే ఇప్పటికీ గొంతు పూడుకుపోతోంది.

జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో కౌన్సెలర్ మేడమ్‌గారికి ఫోన్ చేస్తే ఆ సాయంత్రమే వచ్చారు. "మొండితనం కాదమ్మా. ఎప్పుడు పొమ్మంటారోనని సిద్ధంగా ఉంటోంది. విప్పించొద్దు, కడిగి ఇవ్వండి" అన్నారు. ఆ రోజు నుంచి రాత్రి అన్నాలయ్యాక ఆ నీలం చెప్పులు కడిగి, పాత తువ్వాలుతో తుడిచి, నేనే తొడిగేదాన్ని. "రేపు ఏం జరుగుతుందో ఈ రాత్రే చెప్పండి, వెనకనుంచి ముట్టుకోకండి" అని కూడా నేర్పారు. మేడమ్‌గారూ, మీ రుణం తీర్చుకోలేను.

ఒక స్కూలువాళ్లు పాపను ఇక మా వల్ల కాదనేశారు. ఇప్పటి మూడో తరగతి టీచర్‌గారు అడగకుండానే తలుపు కనిపించే చోట కూర్చోబెట్టారు. పై పోర్షన్ పిన్నిగారైతే ఈ పది నెలల్లో ఒక్కసారీ "మీ అమ్మానాన్న ఏరీ" అని అడగలేదు. గేటు దగ్గరే ఆగి "నేనే తల్లీ, పై పిన్నిని" అని పిలిచాకే లోపలికొస్తారు. మీ ఇద్దరికీ దణ్ణాలు.

పిల్లల సంరక్షణ కోసం కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4000 రూపాయలు వస్తున్నాయి, పాప చదువుకు అవి ఎంతో ఆసరా. కానీ మేడమ్‌గారు ఆ ఒక్క సాయంత్రం చెప్పింది నాకు పాప రాకముందే తెలిసి ఉంటే ఆ రెండు కోపాలూ ఉండేవి కావు. పిల్లను అప్పగించే ముందే ప్రతి కుటుంబాన్నీ కూర్చోబెట్టి ఇవన్నీ నేర్పాలి. అధికారులకు నా విన్నపం ఇదొక్కటే.

మొన్న ఆదివారం రాత్రి కడుగుదామని చూస్తే మంచం దగ్గర చెప్పులు లేవు. కంగారుగా తలుపు తీశాను. గడప అవతల, నా చెప్పుల పక్కన, వరసగా పెట్టి ఉన్నాయి. పాప లోపల వట్టి కాళ్లతో నిద్రపోతోంది.