కాలేజీ సీజన్‌కి ముందు మా కస్టమర్లకి: ఏం మార్చాం, ఎందుకు మార్చాం

నమస్తే. కాలేజీలు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి, కొత్త స్టాకు ర్యాకుల్లోకి ఎక్కింది. ఈమధ్య షాపుకి వచ్చినవాళ్లు గమనించే ఉంటారు. అన్నిటికంటే చవకగా దొరికే టీ షర్టు తెప్పించడం ఆపేశాం. 'రెండు కొంటే ఒకటి ఉచితం' బోర్డు తీసేశాం. షర్టుల ధర కొంచెం పెరిగింది, రకాలు బాగా తగ్గాయి. "ఏమైందండీ, రేట్లు పెంచారు, ఆఫర్లు ఎత్తేశారు?" అని చాలామంది నేరుగానే అడిగారు. అడగడం న్యాయమే. కౌంటర్ దగ్గర హడావిడిలో రెండు ముక్కల్లో చెప్పేస్తే సరిపోదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు టీ షర్టు సంగతి. దీని గుడ్డ బరువుని జీఎస్ఎంలో చెబుతారు. చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందనేదే ఆ లెక్క. మేము ఆపేసిన రకం 140 లోపే ఉండేది. కొత్తలో మెత్తగా, హాయిగానే ఉంటుంది. కానీ తెలుపు రంగైతే లోపలి బనియన్ కనిపిస్తుంది. కొన్నాళ్లు ఉతికాక మెడ సాగిపోతుంది, పక్క కుట్టు మెల్లగా తిరిగి పొట్ట మీదకి వస్తుంది. ఆ తిరగడానికి కారణం కుట్టినవాళ్లు కాకపోవచ్చు. టీ షర్టు గుడ్డ నేసింది కాదు, అల్లింది. అందులోని నూలుకి పురి, అంటే మెలిక, ఎక్కువగా ఉంటే, తడిసినప్పుడల్లా అది విప్పుకోవాలని చూస్తుంది, గుడ్డంతా ఒక పక్కకి మెలి తిరుగుతుంది. మంచి గుడ్డకి ఆ పురిని ముందే సర్ది, గుడ్డని స్థిరపరిచి పంపిస్తారు. చవక గుడ్డలో ఖర్చు తగ్గించుకునేది సరిగ్గా అక్కడే.

ఆ టీ షర్టే మా దగ్గర బాగా అమ్ముడుపోయేది. ఆపితే గిరాకీ తగ్గుతుందని తెలిసే ఆపాం. ఇంట్లో లెక్కపెట్టి ఇచ్చిన డబ్బుతో ఒక కుర్రాడు కొనుక్కున్నది మొదటి సెమిస్టర్ దాటకుండానే నేల తుడిచే గుడ్డ అయిపోతే నాకు బాధగా ఉంటుంది. అందుకే ఇకనుంచి 180 జీఎస్ఎంకి తక్కువ టీ షర్టు తెప్పించం. అంతకంటే బరువైన 220, 240 కూడా తెప్పించాం, వదులుగా వేసుకునే ఓవర్‌సైజ్ వాటికి అది బాగా నిలుస్తుంది. కాకపోతే ఎండలో ఉక్కగా ఉంటుంది, ఉతికాక ఆరడానికి టైమ్ పడుతుంది. హాస్టల్లో ఉండేవాళ్లు ఇది చూసుకుని కొనండి.

బరువు ఒక్కటే చూస్తే సరిపోదు. ముతక నూలుతో అల్లినా జీఎస్ఎం ఎక్కువే వస్తుంది. ట్యాగు మీద 'కోంబ్డ్ కాటన్' అని ఉంటే దూదిని దువ్వి పొట్టి పోగులు తీసేశారని అర్థం. బయటికి పొడుచుకొచ్చే పొట్టి పోగులే రాపిడికి ఉండలు కడతాయి. 'బయోవాష్' అని ఉంటే గుడ్డ పైనున్న నూగుని ఎంజైముతో తీసేశారని అర్థం. ఏ షాపులో కొన్నా సరే, టీ షర్టుని వెలుతురుకి అడ్డంగా పట్టి చూడండి. మెడ పట్టీని రెండు చేతులతో కొద్దిగా సాగదీసి వదలండి. వెంటనే యథాస్థితికి రాకపోతే అక్కడే పెట్టేయండి.

ఇక షర్టులు. ధర పెరిగింది ఇక్కడే, కాబట్టి ఆ డబ్బు ఎటు పోయిందో చెప్పాలి. రెండు చోట్లకి పోయింది: కాలర్, కుట్టు. కాలర్ గట్టిగా నిలబడటానికి లోపల ఒక పొర పెట్టి వేడితో అతికిస్తారు. ఆ పొర నాసిరకమైనా, అతికించేటప్పుడు వేడి సరిగ్గా తగలకపోయినా, కొన్ని ఉతుకులకి కాలర్ మీద బుడగలు లేస్తాయి. ఎంత ఇస్త్రీ చేసినా అవి పోవు. మిగతా షర్టంతా బాగున్నా కాలర్ పాడైతే కాలేజీకి వేసుకెళ్లలేరు. కుట్టు విషయానికొస్తే, అంగుళానికి ఎనిమిది కుట్లు వేసిన షర్టు త్వరగా తయారవుతుంది, భుజం దగ్గర లాగితే అతుకు నోరు తెరుస్తుంది. మేము ఇప్పుడు తీసుకుంటున్నవాటికి 14 దాకా ఉంటాయి. లోపలి అతుకులు కూడా అంచు బయటికి కనబడకుండా మడిచి కుట్టినవే. చొక్కా తిరగేసి చూస్తే తెలిసిపోతుంది. అసలు బట్టని లోపలి వైపు నుంచి చూడటం అలవాటు చేసుకుంటే సగం మోసాలు తప్పుతాయి.

పాలిస్టర్ కలిసిందనగానే చాలామంది తల్లిదండ్రులు పక్కన పెట్టేస్తున్నారు. నేను ఆ మాట అనను. అరవై పాళ్లు కాటన్, నలభై పాళ్లు పాలిస్టర్ ఉన్న షర్టు ముడతలు తక్కువ పడుతుంది, రాత్రి ఉతికితే పొద్దుటికి ఆరుతుంది, రంగు బాగా ఆగుతుంది. ఇస్త్రీ పెట్టె ముట్టుకోని హాస్టల్ కుర్రాడికి నేనే అది చూపిస్తాను. చెమట ఎక్కువ పట్టేవాళ్లకి మాత్రం వద్దంటాను. పాలిస్టర్ చెమటని పీల్చుకోదు, వాసన కూడా పట్టి ఉంచుకుంటుంది. సైన్సు, ఇంజినీరింగ్ పిల్లలకి ఇంకో మాట: కెమిస్ట్రీ ల్యాబ్ ఉన్న రోజు కాటన్ వేసుకోండి. మంట తగిలితే పాలిస్టర్ కరిగి చర్మానికి అంటుకుంటుంది. వర్క్‌షాప్‌లో తిరిగే మెషిన్ల దగ్గరకి వదులు చేతుల చొక్కాలు అస్సలు వద్దు.

జీన్స్‌లో పెద్ద మార్పేమీ లేదు. చదరపు గజానికి 11 నుంచి 13 ఔన్సుల మధ్య బరువున్న గుడ్డనే ఉంచాం, సాగే పోగు రెండు శాతం దాటనివి. అంతకు మించి సాగే జీన్స్ ట్రయల్ రూమ్‌లో చాలా హాయిగా అనిపిస్తాయి, కొన్నాళ్లకి మోకాళ్ల దగ్గర ఉబ్బెత్తుగా సాగిపోతాయి. జేబు మూలల్లో రాగి రివెట్లు, అంటే గుడ్డని బిగించి పట్టే లోహపు బొడిపెలు, ఉన్నాయో లేదో చూడండి. జేకబ్ డేవిస్ అనే దర్జీ, లెవై స్ట్రాస్ అనే వ్యాపారి కలిసి అమెరికాలో 1873లో పేటెంట్ తీసుకున్నది దీనికే. ప్యాంటు ముందుగా చిరిగేది జేబుల మూలల్లోనే. ముదురు నీలం జీన్స్ మొదట్లో రంగు దిగుతుంది, అది సహజం. ఇండిగో నూలు పైపైనే పడుతుంది, లోపలిదాకా ఇంకదు. తిరగేసి, చల్లటి నీళ్లలో, విడిగా ఉతకండి. తెల్ల షర్టుతో కలిపి నానబెట్టకండి.

కొత్త ప్యాంటుకి కింద మడత వెంటనే వేయించొద్దు. ఒకసారి ఉతికి ఆరేశాక తీసుకురండి, మా దర్జీ ఉచితంగా వేసిస్తాడు. సీజన్‌లో రెండు మూడు రోజులు ఆగాల్సి వస్తుంది, దయచేసి ఓపిక పట్టండి.

ఆఫర్ల గురించి దాచకుండా చెబుతాను. ఉచితంగా ఇచ్చే మూడో షర్టు డబ్బు మొదటి రెండింటి ధరలోంచే వస్తుంది. ఏ షాపుకైనా ఇంకో దారి లేదు. అలాంటప్పుడు ఒక్క షర్టుకి సరిపడా డబ్బుతో వచ్చిన పిల్లాడే ఎక్కువ ధర కడతాడు. మూడు కొనగలిగినవాడికి లాభం, కొనలేనివాడికి నష్టం. నాకది నచ్చలేదు. ఇప్పుడు ఎన్ని కొన్నా ఒక్కోదానికీ ఒకే ధర. పెద్ద షాపుల్లో, ఆన్‌లైన్‌లో సేల్ నడిచే రోజుల్లో మా కంటే తక్కువకి దొరకవచ్చు. దొరికితే తీసుకోండి. కాకపోతే తగ్గించిన శాతం చూసి కాదు, పైన చెప్పినవన్నీ చూసి తీసుకోండి.

సైజుల గోల కూడా ఉంది. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ లార్జ్‌తో సమానం అవుతోంది. అందుకే ప్రతి షర్టు మీదా ఛాతీ, భుజం, పొడవు అంగుళాల్లో రాసిపెడుతున్నాం. మీకు బాగా నప్పిన పాత షర్టు ఒకటి తీసుకొస్తే బల్ల మీద పరిచి కొలుస్తాం, ఊహలతో పని ఉండదు. భుజం కుట్టు భుజం ఎముక చివరికి రావాలి. నడుము బిగించొచ్చు, పొడవు తగ్గించొచ్చు, భుజం సరిచేయడం మాత్రం కొత్త షర్టు కుట్టినంత పని. ఛాతీ దగ్గర ఒంటి కొలత మీద నాలుగంగుళాలు వదులుంటే కూర్చున్నప్పుడు గుండీలు లాగవు.

ఉతికాక పొట్టి అవడం గురించి ఒక కొత్త పద్ధతి పెట్టాం. కాటన్ టీ షర్టు ఐదు శాతం కుంచించుకుపోయిందంటే 28 అంగుళాల పొడవులో దాదాపు అంగుళంన్నర పోయినట్టే. వచ్చిన ప్రతి లాట్‌లోంచి ఒకటి తీసి, మేమే ఉతికి, ఆరేసి, మళ్లీ కొలిచి, ఎంత తగ్గిందో ట్యాగు మీద రాస్తాం. మీ ఇంట్లో మామూలుగా ఉతికినప్పుడు అంతకంటే ఎక్కువ తగ్గితే, ఉతికినదైనా సరే, బిల్లుతో తీసుకురండి, మార్చి ఇస్తాం.

ఇప్పుడు చెప్పేది వ్యాపారానికి మంచిది కాదు, అయినా చెప్పాలి. కాలేజీ తెరవకముందే అన్నీ కొనేయకండి. కొన్ని కాలేజీల్లో కాలర్ షర్టే వేసుకోవాలంటారు, కొన్నిచోట్ల యూనిఫామ్ ఉంటుంది, కొన్నిచోట్ల రౌండ్ నెక్ టీ షర్టుతో లోపలికి రానివ్వరు. ముందు ఆ నియమాలు కనుక్కోండి. మొదట్లో ఒక జీన్స్, ఒక కాటన్ ప్యాంటు, రెండు షర్టులు, రెండు టీ షర్టులు ఉంటే చాలు. నాలుగు పైవి, రెండు కిందవి కలిపితే ఎనిమిది జతలు వస్తాయి, అన్నీ ఒకదానితో ఒకటి నప్పే రంగులైతేనే. నేవీ బ్లూ, బూడిద, తెలుపు, లేత నీలం, ఖాకీ తీసుకుంటే ఆలోచించే పనిలేదు. పెద్ద బొమ్మ ఉన్న టీ షర్టు అందరికీ గుర్తుండిపోతుంది, వారంలో రెండోసారి వేసుకోబుద్ధి కాదు. సాదాది ఎన్నిసార్లు వేసినా ఎవరూ లెక్కపెట్టరు. ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూ కోసమని ఫస్టియర్లోనే ఫార్మల్స్ కొనిపించే తల్లిదండ్రులకి నా మనవి: ఆగండి. ఆ వయసు కుర్రాళ్లకి భుజాలు, ఛాతీ ఇంకా నిండుతుంటాయి. ఫైనలియర్‌కి ఆ షర్టు పట్టదు.

పాత పల్చటి టీ షర్టులు ఇంకా కొన్ని మిగిలాయి. వాటిని వేరే ర్యాకులో పెట్టి, జీఎస్ఎం ఎంతో పెద్ద అక్షరాల్లో రాసి, మాకు పడిన ధరకే ఇస్తున్నాం. రాత్రి పడుకునేటప్పుడు, రూమ్‌లో వేసుకోవడానికి బాగుంటాయి. కాలేజీకని అడిగితే మాత్రం మా కుర్రాళ్లు వద్దనే చెబుతారు, అలా చెప్పమని నేనే అన్నాను.

సాయంత్రాలు, ఆదివారాలు రద్దీ ఎక్కువగా ఉంటోంది. కొలతలు తీసుకుని తీరిగ్గా చూపించాలంటే మామూలు రోజుల్లో పొద్దున్నపూట రండి. 38 దాటిన నడుము సైజులు, బాగా పొడుగున్నవాళ్ల ప్యాంట్లు ఈసారి తక్కువగా వచ్చాయి. కావాల్సినవాళ్లు ముందుగా ఫోన్ చేసి కొలత చెబితే తెప్పించి పక్కన పెడతాం, అడ్వాన్సు అక్కర్లేదు.