ఆస్కార్ వచ్చినప్పుడే ఆసియా ముఖాలు గుర్తొస్తాయా?

సంపాదకుల వారికి నమస్కారం.

ఆసియావాళ్లకు ఆస్కార్ వచ్చిన ప్రతిసారీ మన పత్రికల సినిమా పేజీలు పండగ చేసుకుంటాయి. 2020లో 'పారసైట్' ఉత్తమ చిత్రమైనప్పుడు, 2023లో మిషెల్ యో ఉత్తమ నటి అయినప్పుడు, అదే వేదిక మీద 'నాటు నాటు' గెలిచినప్పుడు ఆ సంబరం చూశాం. అందులో తప్పేమీ లేదు. అయితే తెరమీద మన ముఖం కనబడితే చాలు, ప్రాతినిధ్యం దక్కినట్టేనన్న భావన ఆ వార్తల అడుగున ఉంటోంది. ఆ ముఖం ఎలా కనబడాలో అంతకు చాలా ముందే తేలిపోతుంది. పాత్రల జాబితా రాసేటప్పుడు, లైటు పెట్టేటప్పుడు, సబ్‌టైటిల్ వేసేటప్పుడు. ఈ మూడూ తీసేవాళ్ల చేతిలోనే ఉండేది స్వతంత్ర లఘుచిత్రంలో. దాని గురించి మాత్రం ఎవరూ రాయరు.

పాత్రల జాబితా ఎంత పని చేస్తుందో 1937 నాటి 'ది గుడ్ ఎర్త్' చూస్తే తెలుస్తుంది. కథ చైనా రైతు కుటుంబానిది. రైతు వేషం తెల్లజాతి నటుడు పాల్ మ్యూనీకి ఇచ్చారు. వేర్వేరు జాతుల మధ్య ప్రేమను తెరమీద చూపకూడదని హాలీవుడ్ సొంత సెన్సారు నియమావళి హేస్ కోడ్ అప్పట్లో నిషేధం పెట్టింది. ఇంకేముంది, భార్య వేషం చైనీస్ అమెరికన్ నటి అన్నా మే వాంగ్‌కు దక్కే దారి మూసుకుపోయింది. ఆ వేషం వేసిన తెల్లజాతి నటి లూయిస్ రైనర్‌కు ఆస్కార్ వచ్చింది. ఆ కోడ్ పోయి దశాబ్దాలైనా ఆసియా పాత్రలకు 'డాక్టర్', 'ట్యాక్సీ డ్రైవర్', 'షాపతను' అని రాసి వదిలేసే అలవాటు పోలేదు. సీనుసీనుకూ ఏమేం కావాలో రాసుకునే స్క్రిప్టు బ్రేక్‌డౌన్ చేసేటప్పుడు ఒక్క డైలాగున్న పాత్రకైనా పేరు, సొంతూరు, ఇంట్లో మాట్లాడే భాష రాయాలి. అవి తోచకపోతే ఆ సీను మళ్లీ రాసుకోవాల్సిందే.

ఆడిషన్ ప్రకటనలో 'సౌత్ ఏషియన్, 30 ఏళ్లు' అని మాత్రమే పెడితే ఆ భాష రాని నటుడు కూడా వస్తాడు. షూటింగ్ రోజున డైలాగులు ఇంగ్లిషు అక్షరాల్లో రాసిచ్చి పలికించాల్సి వస్తుంది. ఆ భాష తెలిసిన ప్రేక్షకుడు మొదటి వాక్యానికే పట్టేస్తాడు. తర్వాత డబ్బింగ్‌లో సరిచేద్దామంటే పెదవుల కదలిక కుదరదు. భాష, యాస ప్రకటనలోనే చెప్పి, ఒక పేజీ సీను ఫోన్లో రికార్డు చేసి పంపమంటే పైసా ఖర్చు లేకుండా ఈ తలనొప్పి తప్పుతుంది.

ఇక లైటింగ్. అసలు గొడవంతా ఇక్కడే. ఫిల్మ్ రోజుల్లో ల్యాబులు రంగులు సరిచూసుకోవడానికి కోడక్ పంపిన 'షర్లీ కార్డు'ల మీద ఉన్నది తెల్లజాతి మహిళ ఫోటో. ఆమె చర్మం బాగా వస్తే ప్రింటు బాగున్నట్టే లెక్క. డిజిటల్‌లో ఆ కార్డులు పోయాయి గానీ చిక్కు పోలేదు. ఆటో మోడ్‌లో పెట్టిన కెమెరా ఫ్రేమంతటినీ సగటు తీసి నడిమి బూడిద రంగుకు తెస్తుంది. తెల్లగోడ ముందు చామనఛాయ మనిషిని నిలబెడితే గోడ వెలుగు తగ్గించబోయి ముఖాన్ని చీకట్లోకి తోస్తుంది. ఎడిటింగ్‌లో వెలుగు పెంచితే నీడల్లో నాయిస్ (గింజలు గింజలుగా మచ్చలు) బయటపడుతుంది. కాబట్టి ఆటో మానేసి, ఒక చోటి వెలుగునే కొలిచే స్పాట్ మీటరుతోనో, వెలుగు స్థాయిలను రంగుల్లో చూపే ఫాల్స్ కలర్‌తోనో ముఖాన్ని విడిగా కొలవాలి. మామూలు టీవీ రంగుల ప్రమాణమైన రెక్ 709 చిత్రంలో లేత చర్మానికి, వెలుగును 0 నుంచి 100 దాకా కొలిచే ఐఆర్ఈ లెక్కలో సుమారు 65 నుంచి 70 సరిపోతుంది. ముదురు చర్మం 40 నుంచి 55 మధ్య ఉంటే సహజంగా కనబడుతుంది. జీబ్రా (వెలుగు ఒక హద్దు చేరిన చోట చారలు చూపే కెమెరా సదుపాయం) 70 దగ్గర పెట్టి అందరి ముఖాలనూ అక్కడికే ఎక్కిస్తే నల్లని మనిషి బూడిద పూసుకున్నట్టు వస్తాడు.

ముదురు చర్మానికి రూపం తెచ్చేది దానిమీద తేలే మెరుపు. చిన్న లైటును నేరుగా ముఖానికి కొట్టే బదులు 4 అడుగుల వెడల్పున్న తెల్ల ఫోమ్ బోర్డు మీదో తెల్లగుడ్డ మీదో కొట్టి, మళ్లిన వెలుతురు పక్కనుంచి పడేలా చూడాలి. మేకప్‌లో పౌడరుతో ఆ మెరుపునంతా చంపేయకూడదు. వేర్వేరు ఛాయల మనుషులిద్దరు ఒకే ఫ్రేములో ఉంటే ఎక్స్‌పోజర్ ముదురు చర్మానికి పెట్టుకుని, లేత చర్మం మీద పడే వెలుతురును నెట్ అనే జాలీగుడ్డ అడ్డుపెట్టి అర స్టాపో ఒక స్టాపో (ఒక స్టాపు తగ్గితే వెలుతురు సగమవుతుంది) తగ్గించాలి. నల్లజుట్టు చీకటి గోడలో కలిసిపోకుండా వెనక నుంచి సన్నని లైటు ఒకటి కావాలి. చవక ఎల్‌ఈడీలకు ఎరుపు సరిగా అందదు, దాంతో చామనఛాయ పాలిపోయి ఆకుపచ్చగా తిరుగుతుంది. సీఆర్ఐ (లైటు రంగులను ఎంత నిజంగా చూపుతుందో తెలిపే అంకె) 95 పైనున్నవి అద్దెకు తెచ్చుకోవడం మేలు. ఇంత జాగ్రత్తగా తీశాక, కథ ఆసియాలో జరుగుతోంది కదా అని గ్రేడింగ్‌లో, అంటే రంగులు దిద్దేటప్పుడు, ఫ్రేమంతా పసుపు పులిమితే పడ్డ శ్రమంతా వృథా. ఇందులో హాలీవుడ్‌నొక్కదాన్నే అని లాభం లేదు. తెల్లని నటుడికి నలుపు పూసి పేదవాణ్ణి చేసే అలవాటు భారతీయ సినిమాకూ ఉంది.

సౌండు గురించి రెండే మాటలు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో, గట్టి మాట కూడా రికార్డరు మీటరులో మైనస్ 12 డెసిబెల్స్ (సున్నా దాటితే శబ్దం చిట్లుతుంది) దగ్గర ఆగేలా రికార్డు చేయాలి. ప్రతి లొకేషన్‌లో అందరూ కదలకుండా నిలబడి అర నిమిషం రూమ్ టోన్ (ఎవరూ మాట్లాడనప్పుడు ఆ చోట ఉండే శబ్దం) తీసుకోకపోతే ఎడిటింగ్‌లో ప్రతి కట్ దగ్గరా నేపథ్య శబ్దం మారిపోయి దొరికిపోతారు.

సబ్‌టైటిల్ చివరి రాత్రి హడావుడిలో చేసే పనిగా మిగిలిపోయింది. ఒకసారి రెండు వరుసలకు మించకూడదు, వరుసకు 42 అక్షరాలు, తెరమీద కనీసం ఒక సెకను, గరిష్ఠంగా 7 సెకన్లు. ఫెస్టివల్‌కు పంపేటప్పుడు, ఏ లిపీ చెడని యూటీఎఫ్-8 పద్ధతిలో సేవ్ చేసిన ఎస్ఆర్‌టీ ఫైలు (మాటలు, అవి తెరమీదకు వచ్చే సమయాలు ఉండేది) విడిగా కూడా సిద్ధంగా ఉంచుకోవాలి. ఇంగ్లిషు మాటలన్నిటికీ క్యాప్షన్ వేసి, ఆసియా భాష రాగానే 'విదేశీ భాషలో మాట్లాడుతున్నారు' అని బ్రాకెట్లో పెట్టి వదిలేయడం మరీ దారుణం. భారతీయ లిపుల్లో టైటిళ్లు వేసేవాళ్లకు ఇంకో గండం ఉంది, ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అయిన అడోబీ ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో టెక్స్ట్ ఇంజన్‌ను 'సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్'కు మార్చుకుంటే అక్షరం కుదురుకుంటుంది. తమ భాషలో టైటిల్ వేయాలని ముచ్చటపడి, ఆ టైటిలే తప్పులతో పంపిన చిత్రాలు ఎన్నో.

నిడివి ముందే తేల్చుకోవాలి. ఆస్కార్లిచ్చే అకాడమీకి టైటిళ్లతో కలిపి 40 నిమిషాలు మించకూడదు, కాన్ చిత్రోత్సవంలో లఘుచిత్రాల పోటీకైతే 15 నిమిషాలే. ఆస్కార్ పోటీకి అర్హత సంపాదించేలోపు యూట్యూబ్‌లో మొత్తం పెట్టేస్తే అకాడమీ దారి మూసుకుపోతుంది. సెకనుకు 25 ఫ్రేములతో తీసిన పది నిమిషాల చిత్రాన్ని థియేటర్ కోసం 24కు తగ్గిస్తే 10 నిమిషాల 25 సెకన్లవుతుంది, గొంతులూ కాస్త బొంగురుపోతాయి. మొదటి నుంచే 24లో తీస్తే సరి. అమ్మానాన్నల జ్ఞాపకంగా వెనకాల పాత సినిమా పాట వినిపించాలని ప్రవాస దర్శకులకు మహా ఇష్టం. దానికి బాణీ, సాహిత్యాల హక్కుదారు అనుమతి ఒకటి, రికార్డింగ్ హక్కులున్న కంపెనీ అనుమతి ఇంకొకటి కావాలి. రెంటిలో ఏది లేకున్నా చిత్రం చిక్కుల్లో పడుతుంది. పాట కొత్తగా చేయించుకోవడమే సుఖం.

ఇదేమీ కొత్తగా తొక్కుతున్న దారి కాదు. లాస్ ఏంజెలిస్‌లో విజువల్ కమ్యూనికేషన్స్ సంస్థ 1970 నుంచే ఆసియా అమెరికన్ల చిన్న చిత్రాలకు అండగా ఉంది. మీరా నాయర్ చిన్న డాక్యుమెంటరీలతో మొదలుపెట్టి 1988 నాటికి 'సలాం బాంబే' తీశారు. చైనాలో పుట్టిన డొమీ షీ 8 నిమిషాల యానిమేషన్ చిత్రం 'బావ్'తో 2019లో ఆస్కార్ గెలిచి, ఆ తర్వాతే పూర్తి నిడివి చిత్రానికి దర్శకురాలయ్యారు. బ్రిటిష్ ఆసియన్లు అనీల్ కారియా, రిజ్ అహ్మద్‌ల 12 నిమిషాల 'ది లాంగ్ గుడ్‌బై'కి 2022లో లఘుచిత్ర ఆస్కార్ వచ్చింది.

మీ పత్రికను కోరేది చిన్న సంగతి. అకాడమీ ఏటా డిసెంబరులో ఫిక్షన్ లఘుచిత్రాల విభాగానికి 15 పేర్లతో షార్ట్‌లిస్టు ప్రకటిస్తుంది. అది వచ్చిన రోజే వాటిలో ఆసియావాళ్లు తీసినవి ఏరి, పేరు, నిడివి, భాష, దర్శకుడితో పాటు ఛాయాగ్రాహకుడి పేరు, ఎక్కడ చూడొచ్చో ఒక పట్టిక వేయండి. నామినేషన్లు వచ్చేసరికి అయిదే మిగులుతాయి. మిగతా పదింటి ఊసు ఆ తర్వాత ఏ పేజీలోనూ ఉండదు.

ఇట్లు,
లఘుచిత్ర నిర్మాణంలో పనిచేస్తున్న కొందరు పాఠకులు