సినిమా హ్యాకర్ వేరు, మన ఖాతా ఖాళీ చేసేవాడు వేరు

సంపాదకుల వారికి నమస్కారం.

యాక్షన్ సినిమాల్లో హ్యాకింగ్‌ను చూపించే తీరు గురించి ఈ ఉత్తరం. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు జారుతుంటాయి. హీరో స్నేహితుడు మౌస్ ముట్టుకోకుండా పది వేళ్లతో కీబోర్డు మీద టకటకలాడిస్తాడు. పాస్‌వర్డ్ గళ్లలో ఒక్కో అక్షరం గిర్రున తిరిగి ఆగుతుంది. ఎనిమిదోది ఆగగానే తాళం తెరుచుకుంటుంది. దర్శకులు మారినా, బడ్జెట్లు వందల కోట్లు దాటినా ఈ సీను మాత్రం మారడం లేదు. వినోదం కోసం తీసేదానికి ఇంత పట్టింపు దేనికని అడగవచ్చు. మన ఇళ్లలో చాలామందికి హ్యాకింగ్ అంటే తెలిసింది ఈ సీన్ల వల్లే. దొంగ ఏ దారిన వస్తాడో అవి తప్పుగా నేర్పుతున్నాయి. అదీ బాధ.

ముందు పాస్‌వర్డ్ సంగతి. సరిగ్గా కట్టిన ఏ వ్యవస్థా పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు దాచుకోదు. వెనక్కి తిప్పడానికి వీల్లేని హ్యాష్ అనే విలువగా మార్చి దాస్తుంది. మనం టైపు చేసినదాన్ని కూడా అలాగే మార్చి, రెండూ ఒకటేనా అని చూస్తుంది. ఒక్క అక్షరం తేడా వచ్చినా హ్యాష్ మొత్తం మారిపోతుంది. కాబట్టి ‘మూడక్షరాలు దొరికాయి, ఇంకో ఐదు చాలు’ అనే దశే ఉండదు. కీబోర్డు మీద 95 గుర్తులున్నాయి. సినిమాలోలాగా ఒక్కో అక్షరం విడిగా తేలిపోతే, ఎనిమిదక్షరాలకు మహా అయితే 760 ప్రయత్నాలు చాలు. నిజానికి 95ను 95తో ఎనిమిది స్థానాలకూ గుణించుకుంటూ పోవాలి. అది 6,600 లక్షల కోట్ల పైమాట. సెకనుకు పది లక్షల చొప్పున వేసి చూసినా అన్నీ పూర్తయ్యేసరికి 210 ఏళ్లు పడుతుంది. అందుకే దొంగలు సాధారణంగా ఆ తంటా పడరు. ఎక్కడో లీకైన పాస్‌వర్డ్‌ల జాబితా తెచ్చి ఇక్కడ వేసి చూస్తారు, ఒకే పాస్‌వర్డ్‌ను అన్నిచోట్లా వాడేవాళ్లు దొరికిపోతారు. ఆరంకెల ఓటీపీని ఊహించే ప్రయత్నం కూడా చేయరు, ఫోన్ చేసి మననే అడుగుతారు.

పెన్‌డ్రైవ్ సీను మరొకటి. విలన్ సర్వర్‌కు గుచ్చగానే నిమిషంలో ‘మొత్తం డేటా’ వచ్చేస్తుంది. సెకనుకు 30 మెగాబైట్ల వేగంతో రాసే పెన్‌డ్రైవ్‌లోకి ఒక టెరాబైట్ (వెయ్యి జీబీ) ఎక్కాలంటే తొమ్మిది గంటలు దాటుతుంది. పైగా ఆధారంగా పనికొచ్చే కంప్యూటర్‌కు అలా నేరుగా ఏదీ గుచ్చకూడదు, ఫైళ్ల తేదీలు మారిపోతాయి. ఫోరెన్సిక్ నిపుణులు అసలు హార్డ్ డిస్క్ మీద ఒక్క అక్షరం కూడా రాయనివ్వని రైట్ బ్లాకర్ పెట్టి అచ్చు నకలు తీస్తారు. అసలుకూ నకలుకూ హ్యాష్ విలువ సరిపోయిందో లేదో చూసుకుని, నకలు మీదే పనిచేస్తారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద కోర్టుకు ఇచ్చే ధ్రువపత్రంలో ఆ విలువ రాయాల్సిందే.

అన్నిటికన్నా నష్టం చేస్తున్నది సీసీ కెమెరా సీను. ‘జూమ్ చెయ్, ఇంకా క్లియర్ చెయ్’ అనగానే వీధి చివర నిలబడ్డవాడి పుట్టుమచ్చ కూడా కనిపిస్తుంది. మామూలు రెండు మెగాపిక్సెళ్ల కెమెరా బొమ్మలో అడ్డంగా 1,920 చుక్కలు (పిక్సెళ్లు) ఉంటాయి. ముక్కూమొహం తెలియని మనిషిని గుర్తుపట్టాలంటే మీటరు వెడల్పుకు 250 చుక్కలు ఉండాలని 2014 నాటి అంతర్జాతీయ ప్రమాణం. అంటే ఆ కెమెరా ఎనిమిది మీటర్ల లోపు వెడల్పునే చూడాలి. మన దుకాణాల దగ్గర ఒకే కెమెరాతో ఇరవై మీటర్ల వీధంతా చూపిస్తారు. అప్పుడు మనిషి ముఖానికి దక్కేది అడ్డంగా పదిహేను చుక్కలు. పిండికొద్దీ రొట్టె. లేని చుక్కల్ని ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు, మహా అయితే ఊహించి అతికిస్తుంది. 2020లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు తయారుచేసిన ఇలాంటి ప్రోగ్రామ్‌కు ఒబామా మసక ఫొటో ఇస్తే, ఎవరో తెల్లజాతి మనిషి ముఖం గీసిచ్చింది. ఇలా గీసిన ముఖాన్ని పట్టుకుని ఒకర్ని నిందితుడిగా చూపితే ఏమవుతుందో ఆలోచించాలి.

కెమెరా ఉంది కదా అనే ధీమాతో ఆలస్యం చేసేవాళ్లు ఇంకో లెక్క తెలుసుకోవాలి. రెండు ఎంబీపీఎస్ (సెకనుకు రెండు మెగాబిట్ల) వేగంతో రికార్డు చేసే కెమెరా రోజుకు సుమారు 21 జీబీ తింటుంది. నాలుగు కెమెరాలు, ఒక టెరాబైట్ డిస్క్ ఉంటే పదకొండు పన్నెండు రోజులకు నిండి, పాతదాని మీదే కొత్తది రాసేస్తుంది. రెండు వారాలు ఆగి వెళ్తే చూడ్డానికి ఏమీ మిగలదు. కెమెరా దృశ్యాలు రికార్డు చేసే పెట్టె, అంటే డీవీఆర్‌లో గడియారం తప్పుగా ఉండటం కూడా మామూలే. ఫుటేజీ తీసేటప్పుడు డీవీఆర్ టైమునూ సరైన టైమునూ పక్కపక్కన రాసి పెట్టుకోకపోతే కేసులో ఆ తేడాయే ప్రశ్న అవుతుంది. కొత్తగా పెట్టించుకునేవారు ఒక కెమెరానైనా తలుపు వెడల్పు మాత్రమే కనిపించేలా, ముఖం ఎత్తుకు దగ్గరగా బిగించమనండి. పైకప్పు కింది కెమెరాకు చిక్కేది టోపీయే.

‘ఇంకో పది సెకన్లు మాట్లాడించండి, ట్రేస్ అవుతోంది’ అనే మాటకూ కాలం చెల్లింది. కాల్ కలవగానే ఏ టవర్ నుంచి వచ్చిందో నెట్‌వర్క్‌లో నమోదవుతుంది, రెండు సెకన్లు మాట్లాడినా అంతే. పోలీసులు ఆ వివరాలు కంపెనీని అడిగి తెప్పించుకోవాలి. వచ్చినా ఇంటి నంబరు రాదు. సిటీలో కొన్ని వందల మీటర్లు, పల్లెల్లో కొన్ని కిలోమీటర్ల ప్రాంతం తెలుస్తుంది.

మరి నిజం హ్యాకింగ్ ఎలా ఉంటుంది? 2016 ఫిబ్రవరి 4, గురువారం రాత్రి ఆ దేశ కేంద్ర బ్యాంకు అయిన బంగ్లాదేశ్ బ్యాంకు పేరుతో, దాని సొమ్ము దాచిన న్యూయార్క్ ఫెడరల్ రిజర్వుకు 35 స్విఫ్ట్ ఆదేశాలు (బ్యాంకుల మధ్య డబ్బు పంపమని చెప్పే సందేశాలు) వెళ్లాయి. మొత్తం సుమారు 95 కోట్ల డాలర్లు. దొంగలు ఆ రాత్రి తలుపు పగలగొట్టలేదు. ఏడాది ముందే ఉద్యోగ దరఖాస్తులా కనిపించే ఈమెయిళ్లతో లోపలికి వచ్చి, ఎవరు ఏ పని ఎలా చేస్తారో చూస్తూ కూర్చున్నారు. ప్రతి లావాదేవీనీ కాగితం మీద అచ్చువేసే ప్రింటర్‌ను ముందుగా ఆపేశారు. మర్నాడు అది పనిచేయకపోతే సిబ్బంది మామూలు రిపేరే అనుకున్నారు. ఢాకాలో శుక్ర, శనివారాలు సెలవు, న్యూయార్క్‌లో శని, ఆదివారాలు, సోమవారం మనీలాలో చైనా కొత్త సంవత్సరం సెలవు. ఇలా ఒకచోట సెలవైతే ఇంకోచోట పని, అడిగి ఆపించే వీలు చిక్కేలోపు 8.1 కోట్ల డాలర్లు ఫిలిప్పీన్స్ చేరిపోయాయి. శ్రీలంకకు వెళ్లిన రెండు కోట్ల డాలర్లు ‘ఫౌండేషన్’ బదులు ‘ఫాండేషన్’ అని రాసిన అక్షరదోషం వల్ల ఆగాయి. నిజం తీస్తే బోరు కొడుతుందనే దర్శకులు ఆ ఆగిపోయిన ప్రింటర్ గురించి ఆలోచించాలి. ఏ పచ్చ అక్షరాలూ అంత ఉత్కంఠ ఇవ్వలేవు.

మన దగ్గరా ఇదే దారి. 2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి రూ.12 కోట్లకు పైగా పోయింది. సిబ్బందికి మోసపు ఈమెయిళ్లు పంపితే, తెరిచినవారి కంప్యూటర్లలోకి దూరం నుంచి నడిపించే ప్రోగ్రామ్ దూరిందని పోలీసులు తేల్చారు.

ఇక ఇంటిదాకా వచ్చేది వాట్సాప్‌లో ‘ఆర్టీవో చలాన్’ అనో, ‘పెళ్లి శుభలేఖ’ అనో వచ్చే ఏపీకే ఫైలు, అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఫైలు. ఫొటో అనుకుని నొక్కగానే ‘తెలియని చోటి నుంచి వచ్చిన యాప్’ అని ఫోనే హెచ్చరిస్తుంది. అది దాటి ఇన్‌స్టాల్ చేస్తే ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడుగుతుంది. ఒప్పుకున్నామా, ఆ తర్వాత వచ్చే ప్రతి ఓటీపీ దొంగకు కూడా వెళ్తుంది. తెర మీద ఏ మార్పూ ఉండదు. కొరియర్ వాడినంటూ ఫోన్ చేసి *401* కొట్టి ఒక నంబరు డయల్ చేయమంటే, మన కాల్స్ వాడికి మళ్లించమని అర్థం. ##002# డయల్ చేస్తే ఆ మళ్లింపులు రద్దవుతాయి.

డబ్బు పోయిందని తెలియగానే ఆ ఫోన్‌లో ఇంటర్నెట్ ఆపి, వేరే ఫోన్ నుంచి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి, బ్యాంకుకు చేయాలి. లావాదేవీ నంబరు, సరిగ్గా ఏ సమయానికి పోయిందో దగ్గర పెట్టుకోవాలి. భయపడి మెసేజ్‌లు చెరిపేయకూడదు, ఫోన్ రీసెట్ చేయకూడదు. సొమ్ము ఒక ఖాతా నుంచి ఇంకోదానికి మారుతూ ఏటీఎంలో నగదుగా బయటికి వచ్చేలోపు ఎక్కడో ఒకచోట నిలిపివేయించడమే మిగిలిన దారి. ఎవరో మేధావి కూర్చుని తిరిగి హ్యాక్ చేసి తెచ్చిపెట్టడం ఉండదు. ‘మీ డబ్బు వెనక్కి తెస్తాం’ అంటూ ఫీజు అడిగేవాళ్లు రెండో విడత దొంగలు.

సినిమావాళ్లకు ఒక విన్నపం. ఫైట్ మాస్టర్‌ను పెట్టుకున్నట్టే ఈ సీన్లకు ఒక నెట్‌వర్క్ ఇంజినీర్‌నో, సైబర్ క్రైమ్‌లో పనిచేసి రిటైరైన అధికారినో పిలిపించుకోండి. సగం రోజు పని.

మీ పత్రికకూ ఒకటి. సైబర్ నేరం వార్త పక్కన ముసుగు మనిషి బొమ్మ, పచ్చటి అంకెలు మీరూ వేస్తున్నారు. ఆ చోట బాధితుడికి వచ్చిన మెసేజ్ ఎలా ఉందో, ఫైలు పేరేమిటో, ఏ అనుమతి అడిగిందో వేయండి, కింద 1930 నంబరు పెద్ద అక్షరాల్లో ఉండనివ్వండి.

ఇట్లు,
ఒక నెట్‌వర్క్ ఇంజినీర్,
విజయవాడ