‘మా భూమి’ లేకుండా నల్లగొండలో నాటకాలా?

సంపాదకులకు నమస్కారం. వచ్చే సీజన్‌లో పాత నాటకాలు, కొత్తవి కలిపి ఆడతామని మన నల్లగొండ నాటక సమాజం వాళ్లు అంటున్నారు, సంతోషం. 1892లో మొదటిసారి ఆడిన ‘కన్యాశుల్కం’ ఉండాల్సిందే, కాదనను, కానీ సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన ‘మా భూమి’ తెలంగాణ రైతుల పోరాటం మీద వచ్చిన నాటకం కదా, అది ఇక్కడ ఆడకపోతే ఇంకెక్కడ ఆడతారండీ? కొత్త నాటకాలకూ శని, ఆదివారాలు ఇవ్వండి. వాటిని మంగళవారం మధ్యాహ్నం పెట్టేసి జనం రాలేదనడం అన్యాయం. ఇంకోటి, రాత్రి బాగా పొద్దుపోయాక మొదలుపెడితే దేవరకొండ, మిర్యాలగూడ నుంచి వచ్చేవాళ్లకు తిరుగు బస్సు టెన్షనే, ఆరింటికే తెర తీయండి. మైకులు ముందురోజే చూసుకోండి, వెనక వరుసలో డైలాగు సగమే వినపడుతోంది. టికెట్ పెట్టినా కొంటాం.

– ఒక నాటకాభిమాని, నల్లగొండ